రిమార్కుల గడి

చీమకుర్తిలో మా ఆఫీసంటే రేకుల షెడ్డు,
ఒక కంప్యూటరు,
రోజుకి మూడుసార్లు తుడిచినా
మళ్ళీ మీటల మీదికి వచ్చి కూచునే రాతిదుమ్ము.

ఫారంలో తొమ్మిది గడులు.
బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు...
అంకె తప్ప ఇంకేం పెట్టబోయినా టంగుమని అరుస్తాయి,
కాటా దగ్గరి రోశిరెడ్డి లాగా.
చివరి గడి ఒక్కటే మెత్తనిది.
రిమార్కులు.
అందులో అక్షరం లావెక్కుతుంది, పక్కకి వాలుతుంది,
కావాలంటే ఎర్రబడుతుంది.

కాలేషావలి క్వారీ నుంచి వచ్చి
గడపలోనే నిలబడి చెప్తాడు:
"నాలుగొందల పదిహేడు. ఉత్తరం మొహాన వెంట్రుక."
వెంట్రుకంటే చీలిక.
ఉత్త కంటికి ఆనదు.
నీళ్ళు పోసి, ఆరేదాకా కాచుకోవాలి.
బండంతా ఆరినా ఒక్క గీత తడిగా మిగులుతుంది.
ఆయన అంతకు ముందే సుత్తితో తట్టి విని ఉంటాడు.
మంచి రాయి పలుకుతుంది,
చీలింది దగ్గుతుంది.

నేను టైపు చేసి
వెంట్రుక అన్న మాటను పట్టుకుని
లావు చేసి, ఎరుపు పూస్తాను.
ఆయన వంగి తెరలోకి చూసి
"ఆఁ, పడింది" అని పోతాడు.

ఆరేళ్ళు ఇంతే.

మొన్న ఒంగోలు నుంచి ఫణీంద్ర అనే కుర్రాడొచ్చి
పాత డేటానంతా కొత్త ఫైల్లోకి ఎత్తిపోశాడు.
కొత్త గడి సాదా గడి.
తెరిచి చూస్తే మాట చుట్టూ కొక్కేలు.
తెరిచిన కొక్కెం, మూసిన కొక్కెం,
ఫాంటని, కలరని, స్ట్రాంగని.
రంగు పోయి రంగు పేరు మిగిలింది.
ఎఫ్ఎఫ్ సున్నా సున్నా సున్నా సున్నా.
ఎరుపుకి ఇంత పొడుగు ఇంటిపేరుందని
నాకు ఆవేళే తెలిసింది.

ఫణీంద్ర ఏదో నాలుగు వరుసలు రాశాడు.
వేరుశనక్కాయల పొట్టు ఊదినట్టు
కొక్కేలన్నీ ఎగిరిపోయాయి.
"మాటలన్నీ ఉన్నాయి మేడం, ఒక్కటీ పోలేదు."
నిజమే.
ఒక్కటీ పోలేదు.

మర్నాడు కాలేషావలి.
"నాలుగొందల అరవై రెండు. కింది మూలన వెంట్రుక."
టైపు చేశాను.
వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.
"యాడమ్మా?"
ఇదిగో, రాశా గదా, అని వేలు పెట్టి చూపించాను.
"అన్నీ నల్లగానే ఉండాయి గదమ్మా.
అన్నీ చీమలే."

సుత్తి లేకుండానే తగిలింది.
ఆరేళ్ళుగా నేను సోకు చేస్తున్నాననుకున్నాను.
ఆయన చదువుకుంటున్నాడు.

ఫోను చేస్తే ఫణీంద్ర అన్నాడు:
"రంగుని లెక్కపెట్టలేం మేడం.
ఉందో లేదో చెప్పడానికి విడిగా ఒక గడి ఉండాలి."
కుర్రాడు చెప్పింది సబబే.
పదో గడి కట్టాం, చిన్న చతురస్రం.
టిక్కు పెడితే వరుస మొత్తం ఎర్రబడుతుంది.
కాలేషావలి చూసి నవ్వాడు.
"అబ్బో! ఇంతెందుకమ్మా?
ఉండేది వెంట్రుకంతే గదా."

పాత బ్లాకులకి టిక్కులు పెట్టే పని నాది.
రెండు ఆదివారాలు
వెంట్రుక, వెంట్రుక అని వెతికించాను.
దొరికినవి దొరికాయి.
చివర్లో ఒకచోట కనిపించింది,
నేనే ఎప్పుడో తొందరలో కొట్టిన 'వెంట్రక'.
అలా ఇంకెన్ని రకాలుగా కొట్టానో!
ఎరుపు మిగిలుంటే
నా తప్పుల మీద కూడా అది మెరిసేది.

ఆ సంగతి చెప్తే
ఆయన నన్నేమీ అనలేదు.
బక్కెట్టు తీసుకుని యార్డులోకి నడిచాడు.
ఒక్కో నల్లరాయి మీద నీళ్ళు కొడుతుంటే
లోపలి బంగారు నలుసులు ఒక్కసారి లేచి చూస్తున్నాయి.
పదకొండు గంటల ఎండ.
కీబోర్డు వదిలేసి నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను,
ఏ గీత చివరిదాకా ఆరదోనని.